ఫాతిమా అనే పేరు గల స్త్రీమూర్తులు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పే అవకాశం మాకిచ్చినందుకు కార్యవర్గం వారికి కృతజ్ఞతలు. మేము చదివింది ఉర్దూ మాధ్యమంలో, పిల్లలకు చెప్పేదీ ఉర్దూలోనే. అయినా మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు బళ్ళలో చదువుతున్నారు కాబట్టి, తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. మా తెలుగులో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

ఇక విషయానికి వస్తాం. మా తరగతి హాజరు పట్టీలో ఈ ఏడాది నలుగురు ఫాతిమాలున్నారు. కనీజ్ ఫాతిమా, నూర్ ఫాతిమా, సయ్యదా ఫాతిమా, ఇంకొకతె ఉట్టి ఫాతిమా. మేము తొందరలో "ఫాతిమా" అని ఊరుకున్నామంటే నాలుగు వైపుల నుంచి నాలుగు గొంతులు "హాజిర్ జనాబ్" అంటాయి. తరగతంతా గొల్లున నవ్వుతుంది. ఒకరోజు అలా నవ్వులయ్యాక ఉట్టి ఫాతిమా లేచి నిలబడి, "జనాబ్, అందరికీ ఇదే పేరు ఎందుకు పెడతారు? ఈ పేరున్నవాళ్ళు ఏం చేశారు?" అని అడిగింది. మేము బీబీ ఫాతిమాను గురించి రెండు మాటలు చెప్పి కూర్చోబెట్టాం. గంట కొట్టారు, పాఠం అయిపోయింది. కాని ఆ పిల్ల ప్రశ్న మాత్రం ఇంటిదాకా మా వెంట వచ్చింది. అది అడిగింది "ఎవరు" అని కాదు, "ఏం చేశారు" అని. ఆ ప్రశ్నకు జవాబుగా కూర్చుకున్నదే ఈ ప్రసంగం.

ముందు పేరుకు అర్థం చూద్దాం. అరబ్బీలో "ఫతమ" అంటే పాలు మాన్పించడం. ఫాతిమా అంటే బిడ్డకు పాలు మాన్పించే తల్లి అని అర్థం చెబుతారు. పాలు మాన్పించడం బిడ్డ మీద కోపంతో చేసే పని కాదు. బిడ్డకు పళ్ళు వచ్చాయి, ఇక అన్నం తినగలదు అని తెలిసిన తల్లి చేసే పని. మాన్పించిన చేత్తోనే ముద్ద కలిపి పెడుతుంది. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి. చివర్లో మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఈ పేరు గల స్త్రీలలో మొదట చెప్పుకోవలసింది ఖాతూనె జన్నత్, హజ్రత్ ఫాతిమా జహ్రా (రజి). దైవప్రవక్త (స) వారికి, బీబీ ఖదీజా (రజి)కి ముద్దుల కూతురు. హజ్రత్ అలీ (రజి)కి భార్య, హసన్, హుసైన్‌లకు తల్లి. హిజ్రీ 11లో, అంటే 632లో, తండ్రి కన్నుమూసిన కొన్ని నెలలకే ఆమె కూడా పరమపదించారు. మనం ఆమె పేరు చెప్పగానే గొప్పతనమే తలుచుకుంటాం, చేతులు తలుచుకోం. ఆ చేతులకు తిరగలి తిప్పి తిప్పి బొబ్బలు లేచాయి. ఇంటి పనికి ఒక మనిషిని ఇవ్వమని అడగడానికి తండ్రిగారింటికి వెళ్ళారు. ఆయన ఆ రాత్రి వాళ్ళింటికి వచ్చి, మనిషికి బదులు ఒక తస్బీహ్ నేర్పారు. పడుకునే ముందు సుబ్హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు. మన ఇళ్ళలో నానీలు, దాదీలు ఈనాటికీ వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ చదివే తస్బీహ్ అదే. బొబ్బలెక్కిన ఒక స్త్రీ చేతుల నుంచి అది మన దాకా వచ్చింది. ఇంటి చాకిరీ ఎంత బరువో ప్రవక్త ఇంటి ఆడబిడ్డకే తెలుసు. అది తెలియనట్టు మనం ఉండకూడదు.

అదే కాలంలో, అదే పేరుతో ఇంకా కొందరున్నారు. హజ్రత్ అలీ తల్లిగారి పేరు కూడా ఫాతిమాయే, ఫాతిమా బిన్తె అసద్ (రజి). తల్లీ తండ్రీ లేని బాలుడైన ప్రవక్తను అబూ తాలిబ్ ఇంట్లో కన్నబిడ్డలా పెంచిన ఇల్లాలు ఆమె.

ఇంకొకరు ఫాతిమా బిన్తె ఖత్తాబ్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)కి చెల్లెలు. ఈ కథ మనందరికీ తెలిసిందే. ఇస్లాం మీద కోపంతో కత్తి పట్టుకుని బయలుదేరిన ఉమర్‌ను దారిలో ఒకరు ఆపి, ముందు నీ ఇల్లు చూసుకో, నీ చెల్లెలూ బావా ఆ మతంలో చేరిపోయారు అన్నారు. ఆయన ఆ కోపంతోనే చెల్లెలింటి తలుపు తట్టాడు. లోపల వాళ్ళు తాహా సూరా చదువుతున్నారు. అన్న చేయి చేసుకున్నాడు, చెల్లెలి ముఖాన నెత్తురు కారింది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ఆ నెత్తురు చూసి ఆయన మెత్తబడి, చదువుతున్నది చూపించమన్నాడు. శుభ్రంగా కడుక్కుని వస్తేనే ముట్టనిస్తాను అంది చెల్లెలు. ఆయన కడుక్కుని వచ్చి చదివాడు, మనసు మారిపోయింది. మేము బడి పంతుళ్ళం కాబట్టి మాకు ఇందులో కత్తి కంటే ఆ రాసిన పత్రమే ముందు కనబడుతుంది. ఇంట్లో రాసిన పత్రం ఉంది. దాన్ని నేర్పడానికి ఖబ్బాబ్ (రజి) అనే సహాబీ ఆ ఇంటికి వచ్చేవారు. ఆ ఇంట్లో ఆడమనిషి పాఠం నేర్చుకుంటున్నది. చదువు లోపలికి రానివ్వని ఇల్లు అయి ఉంటే ఆ రోజు ఉమర్ చేతికి ఇవ్వడానికి ఏముండేది?

మూడో ఆమె ఫాతిమా బిన్తె ఖైస్ (రజి). భర్త తలాక్ ఇచ్చిన తర్వాత ఇద్దత్ కాలంలో తనకు ప్రవక్త (స) ఏం చెప్పారో ఆమె నలుగురికీ చెప్పింది. హజ్రత్ ఉమర్ ఖలీఫాగా ఉండి ఆమె మాట ఒప్పుకోలేదు. ఆమె తన మాట మార్చుకోలేదు. ఖలీఫా కాదన్నాడని ఆ మాటను ఎవరూ చెరిపెయ్యలేదు. సహీహ్ ముస్లింలో ఆమె పేరుతో అది ఈనాటికీ ఉంది. మన మసీదు కమిటీలో ఒక ఆడమనిషి మాట కాదనడం మనకు బాగా తెలుసు. కాదన్నా సరే, మినిట్స్‌లో రాసిపెట్టడం మనకింకా రాలేదు.

ఇక అరబ్ దేశం దాటి పడమటికి వెళదాం. మొరాకోలో ఫాస్ అని పెద్ద పట్నముంది. అక్కడ ఖరవియ్యీన్ మసీదు, దాన్ని ఆనుకుని విద్యాపీఠం ఉన్నాయి. ఖైరవాన్ నుంచి వలస వచ్చిన ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆమె, తండ్రి నుంచి వచ్చిన ఆస్తి అంతా పెట్టి 859లో దాన్ని కట్టించిందని 14వ శతాబ్దపు చరిత్ర గ్రంథం చెబుతుంది. చెల్లెలు మర్యమ్ ఇంకో మసీదు కట్టించిందట. ఆ గ్రంథం అయిదు వందల ఏళ్ళ తర్వాత రాసినది కాబట్టి ఈ కథను సందేహించే చరిత్రకారులు కూడా ఉన్నారు. వేరే రాజవంశీకుని పేరున్న పాత శాసనం ఒకటి ఆ మసీదులో దొరికింది కూడాను. పిల్లలకు చెప్పేటప్పుడు మేము రెండూ చెబుతాం. కాని ఒక మాట. ఒక ఆడమనిషి తన వాటా ఆస్తిని చదువు కోసం ఇచ్చేసిందంటే, ఫాస్ ప్రజలు నమ్మి, తరతరాలుగా గౌరవంగా చెప్పుకున్నారు. వారసత్వంలో ఆడపిల్ల వాటా ఆడపిల్ల చేతికే ఇచ్చే చోటనే అలాంటి కథ పుడుతుంది. మన ఇళ్ళలో ఆ వాటా ఎక్కడికి పోతున్నదో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

తూర్పున ఇంకో ఫాతిమా ఉంది. ఈమె కథ మాకు అన్నింటికంటే ఇష్టం. 12వ శతాబ్దం మాట. సమర్‌ఖంద్‌లో అలావుద్దీన్ అనే పెద్ద హనఫీ పండితుడుండేవారు, తుహ్ఫతుల్ ఫుఖహా అనే గ్రంథం రాశారు. ఆయన కూతురు ఫాతిమా ఆ గ్రంథమంతా నోటికి నేర్చుకుంది. ఫత్వా కోసం వాళ్ళింటికి ప్రశ్న వస్తే, జవాబు మీద తండ్రి సంతకంతో పాటు కూతురి సంతకం కూడా ఉండేది. ఆమెను చేసుకుంటామని పాలకుల ఇళ్ళ నుంచి కూడా సంబంధాలు వచ్చాయి, తండ్రి ఒప్పుకోలేదు. ఆయన శిష్యుడు కాసానీ గురువుగారి గ్రంథానికి పెద్ద వ్యాఖ్యానం రాసి తెచ్చి చూపించాడు. బదాయె అస్సనాయె అని ఆ గ్రంథం మన మదరసాల్లో ఈనాటికీ చదువుతారు. గురువుగారు అది చూసి మురిసిపోయి కూతుర్నిచ్చి నికాహ్ చేశారు. మెహర్ ఏమిటనుకున్నారు? ఆ పుస్తకమే. పెళ్ళయ్యాక ఆ ఇంటి ఫత్వాల మీద మూడు సంతకాలు వచ్చేవి. తండ్రిది, కూతురిది, అల్లుడిది. అల్లుడికి ఎక్కడైనా పొరపాటు వస్తే భార్య సరిదిద్దేది, ఆయన దిద్దుకునేవాడు. తర్వాత వాళ్ళు షామ్ దేశంలో హలబ్ పట్నంలో స్థిరపడ్డారు. ఆమె ముందు కన్నుమూసింది. ఆయన 1191లో కాలం చేస్తే ఆమె సమాధి పక్కనే ఖననం చేశారు.

సోదరులారా, అబ్బాయి రాసిన పుస్తకమే మెహర్‌గా నిలిచిన సమాజం మనది. ఇప్పుడు మన ఊళ్ళో పెళ్ళి మాటలకు కూర్చుంటే మొదట తేలేది జోడేకీ రఖమ్. అబ్బాయి ఇవ్వాల్సిన చోట అమ్మాయి తండ్రి ఇస్తున్నాడు. ఇది ఏ కితాబులో ఉందో మాకు దొరకలేదు.

ఇక మనకు దగ్గర కాలానికి వద్దాం. తుర్కీ దేశంలో ఇస్తాంబుల్‌లో 1862లో ఫాత్మా అలియె పుట్టింది. ఫాతిమానే వాళ్ళు ఫాత్మా అంటారు. తండ్రి అహ్మద్ జౌదత్ పాషా పెద్ద చరిత్రకారుడు, న్యాయవేత్త. ఇంట్లో చదువుకుని, ఫ్రెంచి భాష కూడా నేర్చుకుంది. పెళ్ళయ్యాక భర్త నవలలు చదవొద్దన్నాడు. ఏళ్ళు గడిచాక మనసు మార్చుకుని సరేనన్నాడు. 1889 ప్రాంతంలో ఒక ఫ్రెంచి నవలను తర్జుమా చేసి అచ్చు వేయించింది. పుస్తకం మీద పేరు లేదు, "ఒక స్త్రీ" అని మాత్రమే ఉంది. 1892లో తన సొంత నవల తన పేరుతోనే వచ్చింది. 1936లో ఆమె చనిపోయింది. 2009లో తుర్కీ ప్రభుత్వం యాభై లీరాల నోటు మీద ఆమె బొమ్మ అచ్చు వేసింది. పుస్తకం మీద పేరు రాసుకోవడానికి జంకిన ఆడమనిషి ముఖం ఒక దేశపు నోటు మీదికి ఎక్కింది.

మన దేశంలోనూ పేరు సరిగ్గా రాయని ఫాతిమా ఒకరున్నారు. పూనాలో ఫూలే దంపతులు 1848లో ఆడపిల్లల బడి తెరిచారు. వాళ్ళతో కలిసి పాఠాలు చెప్పిన ఫాతిమా షేక్ గురించి ఇప్పుడు చాలామంది మాట్లాడుతున్నారు. ఆమె జీవితం గురించి ఆధారాలు తక్కువ. 2025లో అయితే అసలు అటువంటి మనిషి ఉన్నదా అని కూడా పెద్ద వాదమే జరిగింది. కాని 1856 అక్టోబరు 10న సావిత్రీబాయి జబ్బు చేసి పుట్టింట్లో ఉండగా భర్తకు రాసిన ఉత్తరం ఉంది. అందులో ఫాతిమా పేరు ఉంది. నేను లేకపోవడం వల్ల ఫాతిమాకు అక్కడ పని ఎక్కువై ఉంటుంది, అయినా ఆమె సణిగే మనిషి కాదు అన్న భావం ఉంది. ఒక టీచరు సెలవులో ఉంటే ఇంకో టీచరు ఆ పిల్లలను కూడా చూసుకోవడం మాకు రోజూ అనుభవమే. అటువంటి మనిషికి చరిత్రలో మిగిలింది ఒక ఉత్తరంలో ఒకటి రెండు వాక్యాలు. స్నేహితురాలు రాయకపోతే అవీ ఉండేవి కావు.

చివరగా చెప్పదలచింది జస్టిస్ ఫాతిమా బీవీ గురించి. ఆమె 1927 ఏప్రిల్ 30న కేరళలో పత్తనంతిట్టలో పుట్టారు. తండ్రి మీరా సాహెబ్ ప్రభుత్వ ఉద్యోగి. తల్లి పేరు ఖదీజా బీవీ. చూడండి, ఖదీజా కూతురు ఫాతిమా. తిరువాన్కూరులో 1937లోనే అన్నా చాండీ అనే ఆమె మున్సిఫ్ అయ్యారు. అది చూసిన మీరా సాహెబ్ కూతుర్ని న్యాయశాస్త్రం చదవమని ప్రోత్సహించారు. 1950లో బార్ కౌన్సిల్ పరీక్షలో ఆమె మొదటి స్థానం తెచ్చుకున్నారు. ఆ ఏడు నవంబరులో వకీలుగా నమోదయ్యారు. 1958లో మున్సిఫ్, 1974లో జిల్లా జడ్జి, 1983లో హైకోర్టు జడ్జి. 1989 అక్టోబరు 6న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. 1950లో సుప్రీంకోర్టు ఏర్పడిన నాటి నుంచి అప్పటిదాకా అక్కడ ఒక్క స్త్రీ కూడా కూర్చోలేదు. 39 ఏళ్ళ తర్వాత కూర్చున్న మొదటి స్త్రీ మన ఫాతిమా. 1992లో పదవీ విరమణ చేశారు, 1997 నుంచి 2001 దాకా తమిళనాడు గవర్నరుగా ఉన్నారు. 2023 నవంబరు 23న 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మభూషణ్ ఇచ్చారు.

మున్సిఫ్ కుర్చీ నుంచి సుప్రీంకోర్టు కుర్చీకి ఆమెకు 31 ఏళ్ళు పట్టింది. అంతకుముందు ఒక తండ్రి తీసుకున్న నిర్ణయానికి ఒక్క రోజు పట్టి ఉంటుంది. ఆ ఒక్క రోజు గురించే మేమిప్పుడు మాట్లాడదలచాం.

ఇంతవరకు పుస్తకాల్లోని ఫాతిమాలను గురించి చెప్పాం. ఇక మా పట్టీలోని ఒక ఫాతిమాను గురించి చెప్పాలి. పదిహేనేళ్ళ కిందటి మాట. ఆ పిల్ల పదో తరగతిలో బడికంతా మొదట వచ్చింది. లెక్కల్లో మా కంటే ముందు జవాబు చెప్పేది. తండ్రి దర్జీ పని చేసేవాడు, మంచి మనిషి. ఫలితాలు వచ్చిన వారానికి టి.సి. కోసం వచ్చాడు. "జనాబ్, ఊళ్ళో ఉర్దూ కాలేజీ లేదు. పక్క ఊరికి బస్సులో పంపాలి. పంపితే నలుగురూ నాలుగు అంటారు. పైగా పిల్ల ఎక్కువ చదివితే అంతకంటే చదివిన అబ్బాయిని తేవాలి. వాళ్ళడిగే రఖమ్ నా మిషను మీద కుట్టి తేగలనా?" అన్నాడు.

మాకు జవాబు తోచలేదు. టి.సి. పుస్తకం తీసి మా చేత్తోనే రాశాం. బడి మానుటకు కారణం అన్న గడిలో "తల్లిదండ్రుల కోరికపై" అని నింపాం. ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమె కోరిక ఏమిటని మేము ఒక్క మాట అడగలేదు. ఉస్తాద్‌గా అది మా తప్పు. ఇంతమంది ముందు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కాని ఒప్పుకోకుండా ఇక్కడ నిలబడి బిన్తె ఖత్తాబ్ గురించి, బీవీ గురించి చెప్పే హక్కు మాకు లేదు.

పోయిన జూన్‌లో ఆ ఫాతిమా కొడుకును బడిలో చేర్చడానికి వచ్చింది. దరఖాస్తు తానే నింపింది. అదే ముత్యాల్లాంటి రాత. సంతకం పెట్టి, కలం మూత పెట్టి, కాస్త ఆగి, "జనాబ్, ఈ వయసులో ఇంటర్ రాయనిస్తారా?" అని అడిగింది. ఓపెన్ స్కూలులో రాయవచ్చమ్మా అన్నాం. ఈసారి టి.సి. కాదు, ఆ ఫారం తెచ్చి ఇచ్చాం. రాత్రిళ్ళు కొడుకు పక్కన కూర్చుని చదువుతున్నదట. భర్త కూడా వద్దనలేదు, అల్‌హమ్దులిల్లాహ్.

ఇప్పుడు మొదట చెప్పిన మాట దగ్గరకు వస్తాం. ఫాతిమా అంటే పాలు మాన్పించే తల్లి. తెలుగులో పాలు మాన్పించడానికీ, బడి మాన్పించడానికీ ఒకటే మాట. పాలు మాన్పించిన తల్లి అన్నం పెడుతుంది. మనం ఆడపిల్లను పదో తరగతితో బడి మాన్పించి ఏం పెడుతున్నాం? పళ్ళు వచ్చిన బిడ్డ ముందు ఖాళీ పళ్ళెం పెడుతున్నాం. పేరు మాత్రం ఫాతిమా అని పెడుతున్నాం.

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతే లాభం లేదు. అందుకని సంఘం వారికి, సభ్యులకు మూడు మనవులు చేస్తున్నాం.

మొదటిది, ఏ ఇంట్లోనైనా ఆడపిల్లకు టి.సి. తీసుకునే ముందు ఒక్కసారి సంఘంలో చెప్పండి. అడ్డుపడడానికి కాదు, కూర్చుని మాట్లాడడానికి. ఆ మాటల్లో పిల్లను కూడా కూర్చోబెట్టండి. ఆనాడు మేము చేయనిది అదే.

రెండోది, పక్క ఊరి కాలేజీకి పంపడం భయమైతే నలుగురు పిల్లల్ని జట్టుగా పంపండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లె బస్సుల్లో టికెట్టు లేకుండా చేశారు. ఛార్జీల బాధ తీరింది, తోడు బాధ మిగిలింది. తోడు మనమే ఏర్పాటు చేయాలి. పుస్తకాలకు, ఫీజుకు సంఘం నిధిలో ఆడపిల్లల కోసం విడిగా ఒక పద్దు తెరవాలి.

మూడోది చేదుగా ఉంటుంది. ఆ దర్జీ భాయి మమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర లేదు, మా దగ్గర లేదు, మగపిల్లల తల్లిదండ్రుల దగ్గర ఉంది. మీ అబ్బాయిని మెహర్‌గా పుస్తకం రాయమని మేము అడగడం లేదు. జోడేకీ రఖమ్ తీసుకోవద్దు, అంతే. ఈ సంఘం సభ్యుల ఇళ్ళలోనైనా అది ఆగితే, ఆడపిల్ల చదువు ఆమె తండ్రికి బరువు కాదు.

ఇవాళ మా ఉట్టి ఫాతిమా కూడా వాళ్ళమ్మతో వచ్చి పరదా అవతల కూర్చుంది. అమ్మా ఫాతిమా, ఈ పేరున్నవాళ్ళు ఏం చేశారని అడిగావు. తిరగలి తిప్పారు, రాసిన పత్రం దాచారు, ఖలీఫా ముందు తమ మాట నిలబెట్టుకున్నారు, ఫత్వాల మీద సంతకాలు పెట్టారు, తీర్పులు చెప్పారు, పక్క టీచరు పిల్లలకూ పాఠం చెప్పారు. ఒకామె ఈ రాత్రి కూడా ఇంటర్ పుస్తకం ముందు కూర్చుంటుంది. మిగతాది నువ్వు చెప్పాలి. నీ టి.సి. రాసే రోజు వస్తే, ఈసారి మొదట నిన్నే అడుగుతాం.

అల్లాహ్ మన ఆడబిడ్డలకు లాభం చేకూర్చే ఇల్మ్‌ను, మనకు వాళ్ళను చదివించే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.